లైను లేని వేళ కూడా ఉత్తరం అందుబాటులో ఉండాలి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల కోసం హిందూపురంలో జరిగిన శిక్షణ తరగతిలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన డాక్టరుగారు గాలికుంటు టీకాలను గురించి చెప్పారు. ఇంటికి వెళ్ళగానే పనికివచ్చే మాటలవి. నాకిచ్చిన విషయం ఈ-మెయిలు. ఆ మాట వినగానే వెనుక వరుసలో ఇద్దరు లేచి టీకి వెళ్ళారు. వారిని నేను తప్పుపట్టను. ఈ-మెయిలు కార్యదర్శి చూసుకునే పని, పొద్దునా సాయంత్రం పాలు పోసే మనిషికి దానితో ఏమి సంబంధం అని చాలామంది అనుకుంటారు. సంబంధం ఉంది. అదెంతవరకు ఉందో ఒక సంగతి చెప్పి చూపిస్తాను.

పూర్వం మన సంఘాలకు టపా పాల వ్యానులోనే వచ్చేది. ఖాళీ క్యాన్లు దించేటప్పుడు డ్రైవరు ఒక కవరు చేతికిచ్చి, పుస్తకంలో సంతకం తీసుకొని పోయేవాడు. ధర పట్టిక మారినా, పాలు నాణ్యత లేవని తిరగ్గొట్టినా, దాణా బస్తాలు కేటాయించినా, ఆడిటరు వస్తున్నానని రాసినా, అంతా ఆ కవరులోనే. ఇప్పుడు ఆ కాగితాలలో ఎక్కువ భాగం ఈ-మెయిలులో వస్తున్నాయి. పైవారికి సుళువు, ఖర్చు లేదు. అయితే వ్యాను రోజూ రెండు పూటలా వచ్చేది. ఇంటర్నెట్ లైను అట్లా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మన డివిజనులో ఒక సంఘం ఉంది. పేరు చెప్పను, ఆ సంఘంవారు కొందరు ఇక్కడే కూర్చున్నారు. ఒక గురువారం సాయంత్రం పాల ధర పట్టిక మారినట్లు ఉత్తరం వచ్చింది. వెన్న శాతం తక్కువ ఉన్న పాలకు ధర కొంత తగ్గింది. ఉత్తరం వచ్చేసరికి కార్యదర్శి తలుపు వేసుకొని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రంతా లైను బాగానే ఉంది. తెల్లవారి రోడ్డు పనివారు గుంత తవ్వుతూ కేబులు తెంచారు. కార్యదర్శి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటే తెరమీద ఏమీ రాలేదు. సెల్లులో చూడవచ్చు కదా అంటారు. ఆ సాయంత్రమే ఆయన కూతురి కాన్పని బెంగుళూరుకు పోయాడు. పాస్‌వర్డు ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. టెస్టరు పాత పట్టిక ప్రకారమే ఐదు రోజులు చీటీలు రాశాడు. బిల్లు వచ్చిన నాడు పైవారు కొత్త ధర ప్రకారం కట్టారు.

లెక్క కోసం అనుకోండి: లీటరుకు ఒక రూపాయి తేడా, రోజుకు 200 లీటర్లు, ఐదు రోజులు. వెయ్యి రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆ వెయ్యి ఎవరి చీటీలో నుండి కోయాలి? సభ్యులు ఒప్పుకోలేదు. కార్యదర్శి ఉత్తరం దాచిపెట్టి మధ్యలో తిన్నాడని ఊళ్ళో మాట పుట్టింది. అరుగు మీద పుట్టిన మాట పాలకవర్గం సమావేశం దాకా వచ్చింది. మూడు ఇళ్ళవారు పాలు బయట వ్యాపారికి పోయడం మొదలుపెట్టారు. నేను విచారణకు వెళ్ళినప్పుడు అడిగింది ఒకటే: ఉత్తరం ఏ గంటకు వచ్చింది, ఎవరు ఎప్పుడు విప్పారు? ఈ రెండూ తేలేసరికి కార్యదర్శి మీద పడిన మచ్చ పోయింది. కాని ఆ మూడు ఇళ్ళలో ఒక ఇంటివారు ఇప్పటికీ సంఘానికి పాలు పోయడం లేదు.

ఇందులో మోసం లేదు. లైను ఉన్న వేళకు మనిషి లేడు, మనిషి ఉన్న వేళకు లైను లేదు, అంతే జరిగింది. నేనీరోజు చెప్పబోయే ఏర్పాటు ఈ ఒక్క చిక్కు కోసమే. మనిషి లేకపోయినా లైను ఉన్నంతసేపూ ఉత్తరాలను ఊళ్ళోని పెట్టెలోకి దించుకుని, లైను పోయాక కూడా చదువుకోనివ్వడం దాని పని.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే “మేము చూడలేదు” అన్న జవాబు నాకు తరచుగా వస్తుంది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, మీరు ఫలానా చిరునామాకు పంపండని చెప్పి ఉంటే, ఆ చిరునామాగల కంప్యూటరులోకి ఉత్తరం ప్రవేశించిన సమయమే మీకు చేరిన సమయం. మీరు చదివిన సమయం కాదు. తపాలా బంట్రోతు వచ్చినప్పుడు తలుపు మూసి ఉంటే మరునాడు వస్తాడు. ఈ-మెయిలుకు ఆ దయ లేదు. గురువారం రాత్రి పెట్టెలో పడితే గురువారమే చేరినట్లు. ఏడు రోజులలో జవాబివ్వవలసిన నోటీసైతే గడువు అప్పటినుండే పరుగెత్తుతుంది.

ఇక ఏర్పాటు. ఇది అర్థం చేసుకోవడం మీకు కష్టం కాదు, ఎందుకంటే మీరు పాలతో ఇదే పని రోజూ చేస్తున్నారు. పాలు పితికిన గంటకే టాంకరు వచ్చి ఊరి ముందు నిలబడదు. అందుకని బల్కు కూలరు పెట్టుకున్నాం. పాలు అందులో చేరి, చల్లబడి, టాంకరు వచ్చేదాకా చెడకుండా ఉంటాయి. టాంకరు ఆలస్యమైతే మనం పితకడం మానుకోము. ఊళ్ళో పెట్టుకునే ఉత్తరాల సర్వరు కూడా అటువంటి కూలరే. బయట నుండి వచ్చే ఉత్తరాలను లైను ఉన్నప్పుడు తెచ్చి పెట్టుకుంటుంది. మీరు రాసే ఉత్తరాలను తీసుకుని, లైను వచ్చేదాకా దాచి, రాగానే పంపుతుంది. మీ కంప్యూటరు మాట్లాడేది ఎప్పుడూ గదిలోని ఆ పెట్టెతోనే. ఆ పెట్టెకూ మీకూ మధ్య రెండు గజాల తీగో, గదిలోని వైఫైయో చాలు. ఇంటర్నెట్ అక్కరలేదు.

ఇదేదో కొత్తగా కనిపెట్టిన విద్య అనుకోకండి. ఈ-మెయిలు పుట్టినప్పటి నుండి అది ఆగి ఆగి నడిచే బండే. అమెరికాలో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు 1971లో ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు మొదటి ఉత్తరం పంపాడు. 1982లో ఉత్తరాలు చేతులు మారే నియమాలు ఖాయమైనాయి. వాటిని ఎస్.ఎం.టి.పి. అంటారు. అవతలి కంప్యూటరు పలకకపోతే ఉత్తరాన్ని పారవేయకూడదు, దగ్గర ఉంచుకొని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాలి, నాలుగైదు రోజులదాకా విడిచిపెట్టకూడదు అని ఆ పద్ధతిలో ఉంది. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. టెలిఫోను తీగమీద లైను కలిపి, ఉత్తరాలు దించుకొని, వెంటనే కోసివేసి, తీరిగ్గా చదువుకునేవారు. నిముషాల లెక్కన బిల్లు కాబట్టి అట్లా చేసేవారు. ఎప్పుడూ లైను ఉంటుందన్న ధీమా ఈమధ్య వచ్చినది.

మనకు దగ్గరలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. హిందూపురంలో బెంగుళూరు బండి ఎక్కితే గౌరిబిదనూరు దాటాక దొడ్డబళ్ళాపురం స్టేషను వస్తుంది. 2000 తర్వాతి తొలి సంవత్సరాలలో ఆ తాలూకాలో డాక్‌నెట్ అనే ప్రయోగం చేశారు. ఊళ్ళకు తీగ లేదు. కాని బస్సు ఉంది. బస్సులో ఒక చిన్న పెట్టె, దానికి వైర్‌లెస్ ఏంటెన్నా బిగించారు. ఊళ్ళోని కంప్యూటరు తాను పంపవలసినవి తనలోనే దాచుకునేది. బస్సు వచ్చి ఆగిన రెండు మూడు నిముషాలలో ఆ సరుకంతా బస్సులోని పెట్టెలోకి ఎక్కేది, ఊరికి రావలసినవి దిగేవి. బస్సు తాలూకా కేంద్రానికి చేరగానే అక్కడి లైనులోకి పోయేవి. ఒక ఆగుడులో సగటున 20 మెగాబైట్ల వరకు మారేవని ప్రయోగం చేసినవారు 2004లో ప్రచురించారు. కర్ణాటక భూమి రికార్డుల దరఖాస్తులకు దీనిని వాడారు. కంబోడియాలో ఇదే పని మోటారుసైకిళ్ళమీద చేశారు. సెల్లు టవర్లు వచ్చాక అటువంటి బస్సుల అవసరం తగ్గింది. కాని ఆ ఆలోచన చూడండి. పాలమార్గం మీద తిరిగే వ్యాను పూర్వం టపా మోసిన తీరే అది.

ఇప్పుడు పనిలోకి వస్తాను. మొదట ఒక మాట స్పష్టంగా చెబుతాను. మీ సంఘంలో ఉన్నది ఒక్క కంప్యూటరే, చూసేది ఒక్క మనిషే అయితే మీకు సర్వరు అక్కరలేదు. సర్వరు అమ్ముతామని ఎవరైనా వస్తే మజ్జిగ ఇచ్చి పంపండి. ఆ కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకోండి. మీ ఈ-మెయిలు ఖాతాను అందులో ఐమాప్ పద్ధతిలో కలపండి. ఖాతా అమరికలలో, అన్ని అరల ఉత్తరాలను ఈ కంప్యూటరులోనే ఉంచుము అనే గడి ఉంటుంది. దానికి టిక్కు ఉన్నదో లేదో చూడండి. అంతే. కంప్యూటరు నడుస్తుండగా లైను ఉన్నంతసేపూ అది ఉత్తరాలు దించుకుంటుంది. లైను లేనప్పుడు జవాబు రాసి, తర్వాత పంపుము అనే ఆజ్ఞ ఇస్తే అవుట్‌బాక్స్ అనే అరలో కూర్చుంటుంది. లైను రాగానే, పంపనివి ఉన్నాయి, పంపనా అని అడుగుతుంది. బ్రౌజరులో విప్పి చదివే అలవాటు మానుకోండి. బ్రౌజరులో చూడడమంటే పక్క ఊరి బావిలో నీళ్ళు అక్కడే నిలబడి తాగడం వంటిది. కుండలో ఇంటికి రావు.

ఇక్కడ ఐమాప్ అన్నాను. పాప్ అని మరొక పద్ధతి కూడా ఉంది. పాప్ పద్ధతిలో ఉత్తరం కిందికి దిగాక పైన చెరిగిపోవడం మామూలు, అట్లా కాకుండా అమర్చుకోవాలి. రెండో కంప్యూటరు వచ్చిన రోజు సగం ఉత్తరాలు ఇక్కడ, సగం అక్కడ అవుతాయి. ఐమాప్‌ను 1986లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన రూపొందించాడు. అందులో అసలు ప్రతి పైనే ఉంటుంది, కిందివి దాని నకళ్ళు. ఏది చదివారు, దేనికి జవాబిచ్చారు అన్న గుర్తులు కూడా అందరికీ ఒకటే కనబడతాయి.

ఇక సర్వరు ఎవరికి కావాలి? బల్కు కూలరు దగ్గర నాలుగైదు సంఘాలు కలిసేచోట కావాలి. అక్కడ కార్యదర్శి, టెస్టరు, కూలరు ఆపరేటరు, లెక్కలు రాసే అమ్మాయి అందరూ ఒకే ఉత్తరాలు చూడవలసి ఉంటుంది. లైను ఒకటే, అదీ అంతంతమాత్రం. నలుగురూ నాలుగుసార్లు ఒకే బరువైన కాగితాన్ని పైనుండి లాగితే లైను నిండిపోతుంది. సర్వరు దాన్ని ఒకసారి దించితే నలుగురూ గదిలోనే చదువుకుంటారు.

దీనికి కొత్త యంత్రం కొననక్కరలేదు. పక్కన పడవేసిన పాత కంప్యూటరులో లినక్స్ వేస్తే చాలు. అందులో మూడు పనివాళ్ళను పెట్టాలి. మొదటివాడు ఎంబీసింక్. పదిహేను నిముషాలకొకసారి లైను ఉందా అని చూసి, ఉంటే పై ఖాతా నుండి కొత్త ఉత్తరాలు తెస్తాడు. ఆఫ్‌లైన్‌ఐమాప్ అనే పనివాడూ ఇదే చేస్తాడు, ఇద్దరిలో ఒకరు చాలు. రెండోవాడు డవ్‌కాట్. తెచ్చిన ఉత్తరాలను గదిలోని కంప్యూటర్లకు ఐమాప్ పద్ధతిలో చూపిస్తాడు. మూడోవాడు పోస్ట్‌ఫిక్స్. మనం రాసినవి తీసుకుని వరుసలో పెట్టి, లైను రాగానే పై ఖాతా సర్వరుకు అప్పజెప్తాడు. ఈ నలుగురు పేర్లూ ఒక కాగితంమీద రాసుకొని, కంప్యూటరు తెలిసిన కుర్రవాడికి చూపండి. నాకు తెలిసినంతలో ఒకటి రెండు రోజుల పని. అన్నీ ఉచితంగా దొరికేవే.

తెచ్చే పనివాడు ఏది కొత్తదో, ఏది పాతదో ఎట్లా కనిపెడతాడని పరిగి నుండి వచ్చిన ఒక అన్న నన్ను టీ వేళ అడిగాడు. మంచి ప్రశ్న. మన ఇన్‌వర్డు రిజిస్టరు చూడండి. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు వేస్తాం. ఆ కాగితం చిరిగి పోయినా ఆ నంబరును ఇంకొకదానికి వేయం. ఐమాప్ కూడా ప్రతి అరలో ప్రతి ఉత్తరానికీ అట్లాగే నంబరు వేస్తుంది, దాన్ని మళ్ళీ వాడదు. పనివాడి దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంటుంది. పైన 412 నంబరుది కింద నా 398, పైన 413ది కింద 399 అని రాసుకుంటాడు. మరుసటిసారి పైన 414 కనబడితే, అది పుస్తకంలో లేదు కాబట్టి దాన్ని మాత్రమే తెస్తాడు. మొత్తం మోయడు. మధ్యలో లైను తెగితే తిరిగి వచ్చాక మిగిలినవి తెస్తాడు. ఎప్పుడైనా పైవారు రిజిస్టరు మార్చి కొత్త నంబర్లు మొదలుపెడితే, ఐమాప్ ఆ సంగతి వేరే గుర్తుతో చెబుతుంది. అప్పుడు పాత పుస్తకం చెల్లదు. ఆ చిన్న పుస్తకాన్ని చెత్త ఫైలు అనుకొని ఎవరూ చెరపకండి. చెరిపితే ఉత్తరాలన్నీ రెండేసి వచ్చి కూర్చునే ప్రమాదముంది.

ఉత్తరాలు దాచడంలో మెయిల్‌డిర్ అనే పద్ధతి ఎంచుకోమని చెప్పండి. అందులో ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్క ఫైలు. పాత ఎంబాక్స్ పద్ధతిలో అరలోని ఉత్తరాలన్నీ ఒకే పొడుగు ఫైలులో ఉంటాయి, రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలంతా అనుమానంలో పడుతుంది. మన దగ్గర కరెంటు చెప్పి పోదు కదా. చిన్న యు.పి.ఎస్. ఒకటి తప్పకుండా పెట్టండి. కూలరుకు జనరేటరు ఉన్నచోట దానికీ తీగ లాగవచ్చు. యంత్రాన్ని క్యాన్లు కడిగే చోటికి దూరంగా, నీళ్ళు చిందని ఎత్తులో ఉంచండి. బల్లులు, చీమలు వెచ్చటి పెట్టెను వెతుక్కుంటూ వస్తాయి, నెలకొకసారి తుడవాలి. స్థలం గురించి దిగులు లేదు. రోజుకు పది ఉత్తరాలు, ఒక్కొక్కటి 200 కిలోబైట్లు అనుకుంటే రోజుకు 2 మెగాబైట్లు, సంవత్సరానికి 730 మెగాబైట్లు. పాత కంప్యూటరు డిస్కులో ఎన్నో ఏళ్ళు పడతాయి.

ఈ ఏర్పాటులో నేను చూసిన చిక్కులు మూడు.

గడియారం. పాత కంప్యూటర్లలో లోపలి బ్యాటరీ చచ్చిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. రాస్‌బెర్రీ పై వంటి చిన్న పలకల పాత రకాలలో అసలు గడియారమే లేదు, లైను వస్తే గాని తేదీ తెలియదు. అప్పుడు మీరు పంపిన ఉత్తరంమీద ఏ పాత తేదీయో పడుతుంది. గడువు తగాదా వచ్చినప్పుడు ఆ తేదీ మీకే అడ్డం తిరుగుతుంది. బ్యాటరీ మార్చడం చిన్న ఖర్చు.

వరుసలో ఆగిన ఉత్తరం. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజులు ప్రయత్నించి, పోకపోతే పోలేదని రాసినవారికే తిరిగి ఇస్తుంది. ఐదు రోజులకు మించి లైను పోవడం మన కొండచాటు ఊళ్ళలో వినని విషయం కాదు. ఆ గడువును పెంచుకోవచ్చు. అంతకంటె, వరుసలో ఏమేమి ఆగి ఉన్నాయో రోజూ పొద్దున పాలు దించాక చూసే పని ఒకరికి అప్పగించండి. “పంపుము” నొక్కితే గదిలోని సర్వరుకు చేరినట్లు మాత్రమే. ఆడిటు జవాబు గడువు చివరి రోజున నొక్కి నిశ్చింతగా ఇంటికి పోవద్దు.

మూడోది చెరపడం. రెండువైపులా సరిచేసే పద్ధతి పెట్టుకుంటే కింద చెరిపినది పైనా చెరుగుతుంది, పైన చెరిపినది కిందా చెరుగుతుంది. చాలామంది, కింద నకలుంది కాబట్టి భద్రమే అనుకుంటారు. నకలు వేరు, భద్రప్రతి వేరు. అందుకని తెచ్చే పనివాడికి కొత్తవి తెమ్మని మాత్రమే చెప్పి, చెరిపే అధికారం ఇవ్వకుండా అమర్చుకోండి. వారానికొకసారి ఆ ఉత్తరాల అరలన్నిటినీ ఒక విడి డిస్కులోకి ఎత్తి, ఆ డిస్కును పీకి బీరువాలో పెట్టి తాళం వేయండి. మినిట్స్ పుస్తకం ఎక్కడ ఉంటుందో అక్కడే.

కొందరు ఉత్సాహవంతులు, పై ఖాతా కూడా వద్దు, ఊళ్ళో సర్వరుకే నేరుగా లోకమంతటి నుండి ఉత్తరాలు వచ్చేట్లు చేద్దామంటారు. నేను వద్దంటాను. అట్లా చేస్తే మన లైను పోయిన ప్రతిసారీ బయటివారి ఉత్తరాలు వారి దగ్గరే నిలిచిపోతాయి, నాలుగైదు రోజులు దాటితే తిరిగిపోతాయి. మనం పంపినవాటిని అవతలివారి యంత్రాలు దొంగ ఉత్తరాలుగా అనుమానించి పక్కకు తోస్తాయి. పైన ఎప్పుడూ మేలుకొని ఉండే ఖాతా ఒకటి, కింద ఊళ్ళో కూలరు వంటి సర్వరు ఒకటి. ఈ రెండూ ఉంటే మేలు. తెచ్చుకునేందుకు 993 నంబరు ద్వారం, పంపేందుకు 587 నంబరు ద్వారం అని కుర్రవాడికి చెప్పండి, అతనికి అర్థమౌతుంది. జీమెయిలు ఖాతాకు 2022 మే 30 తర్వాత ఇటువంటి ప్రోగ్రాములనుండి మామూలు పాస్‌వర్డు పనిచేయడం లేదు. రెండంచెల తనిఖీ పెట్టుకొని, ప్రోగ్రాముకోసం విడిగా 16 అక్షరాల పాస్‌వర్డు తీసుకోవాలి.

ఆ రెండంచెల తనిఖీ అన్నచోటనే అసలు తగాదా ఉంది. దీన్ని సభ్యులు జాగ్రత్తగా వినాలి. ఖాతా ఎవరి పేర ఉంది? తనిఖీ నంబరు ఎవరి సెల్లుకు వస్తుంది? నేను తనిఖీ చేసిన సంఘాలలో ఎక్కువచోట్ల కార్యదర్శి సొంత పేరు, సొంత సెల్లు. ఆయన పని మానేసిన రోజున, లేక కోపం వచ్చిన రోజున, సంఘపు ఉత్తరాలన్నీ ఆయన జేబులో పోతాయి. పాలకవర్గం మారాక పాతవారు పాస్‌వర్డు ఇవ్వకపోతే కొత్తవారు చేతులు కట్టుకొని కూర్చుంటారు. ఖాతా సంఘం పేర తెరవండి. సంఘం పేర ఒక సిమ్ము తీసుకొని, ఆఫీసు సెల్లులో వేసి, రీఛార్జి ఖర్చు పాలకవర్గం తీర్మానంతో రాయండి. పాస్‌వర్డును కవరులో పెట్టి, సీలు వేసి, అధ్యక్షుని దగ్గర ఉంచండి. కార్యదర్శి మారినప్పుడు తాళాలు, క్యాష్ పుస్తకం అప్పగించినట్లే దీనినీ అప్పగించి రిజిస్టరులో సంతకాలు తీసుకోండి, ఆ వెంటనే పాస్‌వర్డు మార్చండి.

సాక్ష్యం గురించి ఒక మాట. తగాదా వచ్చినప్పుడు ఉత్తరం ప్రింటు తీసి తెస్తారు. ప్రింటులో పైన తేదీ, కింద విషయం ఉంటాయి. అసలు ఉత్తరంలో ఇంకా చాలా ఉంటుంది. అది ఏ ఏ సర్వరు దాటి వచ్చిందో, ఒక్కొక్కచోట ఏ గంటకు చేరిందో పోస్టాఫీసు ముద్రలవలె తలకట్టులో వరుసగా పడి ఉంటాయి. ఇందాక చెప్పిన సంఘంలో కార్యదర్శిని కాపాడినవి ఆ ముద్రలే. కాబట్టి అసలు ఉత్తరాన్ని చెరపకుండా ఉంచాలి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం కంప్యూటరు రికార్డును కోర్టులో పెట్టాలంటే దానితోపాటు ధృవపత్రం కూడా ఇవ్వాలి. ఊళ్ళోని సర్వరులో పూర్తి ప్రతి ఉంటే ఆ పని తేలిక.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నలకు వస్తాను.

లేపాక్షి వైపు నుండి వచ్చిన అక్క అడిగింది: సెల్లులో ఈ-మెయిలు రోజూ వస్తూనే ఉంది కదా, ఇదంతా ఎందుకు? అక్కా, సెల్లు సాధారణంగా ఈమధ్య కొన్ని రోజుల ఉత్తరాలనే తనలో ఉంచుకుంటుంది. పాతది కావాలంటే మళ్ళీ లైను కావాలి. పోయినేడు దాణా సబ్సిడీ ఉత్తరం ఆడిటరు అడిగిన క్షణాన టవరు లేకపోతే సెల్లు ఏమీ చూపదు. సెల్లు వద్దనడం లేదు, సెల్లుతో పాటు ఇది కూడా ఉండాలి.

గోరంట్ల వైపు సంఘం అధ్యక్షుడు అడిగారు: సభ్యులు ఈ ఉత్తరాలు చూడవచ్చా? ధర పట్టిక, నాణ్యత ఫలితాలు, సర్వసభ్య సమావేశం నోటీసు వంటివి సభ్యులందరికీ సంబంధించినవి. వాటిని దించిన రోజే ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించండి. పైన ఉత్తరం చేరిన తేదీ, గంట రాయండి. అది రాస్తే అరుగు మీది మాటలు సగం పుట్టవు. ఒకరి అప్పు, ఒకరి బ్యాంకు ఖాతా నంబరు ఉన్న ఉత్తరాలు మాత్రం బోర్డుకు పోకూడదు. వాటిని వేరే అరలో పెట్టి, చూసే హక్కు ఇద్దరికి మాత్రమే ఇవ్వాలి. డవ్‌కాట్‌లో మనిషికొక పేరు, పాస్‌వర్డు పెట్టడానికి వీలుంది.

చివరగా, రొద్దం వైపు ఒక సంఘంవారు తమ ఊరికి లైనూ లేదు, కొండ అడ్డమై టవరూ సరిగా అందదు, మేమేం చేయాలని రాసి పంపారు. మీ పాలు ఏ కూలరుకు చేరుతున్నాయో ఆ కూలరు దగ్గర సర్వరు పెట్టించండి. మీ ఖాతాను కూడా దానిలో చేర్చండి. ప్రతి ఉదయం క్యాన్లతో వచ్చే మనిషి సంఘపు లాప్‌టాప్‌ను సంచిలో వేసుకొని రావాలి. కూలరు గదిలోని వైఫైలో దాన్ని విప్పి, టెస్టు అయ్యేదాకా ఉంచితే థండర్‌బర్డ్ రాత్రి వచ్చినవన్నీ దించుకుంటుంది, నిన్న మీరు రాసినవి ఎక్కిస్తుంది. పది నిముషాలు చాలు. వర్షాకాలంలో లాప్‌టాప్‌ను పాలిథీన్ సంచిలో చుట్టి తీసుకురండి. క్యాను మూతమీద మాత్రం పెట్టకండి.